మూడు గీతల కూజా

ఆ రోజు టైలరు వేసుకున్న పథకం చిన్నదే. పెరట్లో తవ్వించి, పగిలిన మురుగు పైపు మార్పించి, మధ్యాహ్నానికల్లా సొంత మరుగుదొడ్డి వాడుకోవాలి. మూడు రోజులుగా ఇంటిల్లిపాదీ పక్కింటికే పోతున్నారు. పక్కింటావిడ మొహం పూటపూటకీ ముడుచుకుపోతోంది.

పైపు ఎక్కడుందో తెలిసినవాడు పాత మేస్త్రీ ఒక్కడే కాబట్టి అతన్నే పిలిచారు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో అతనికి మంచినీళ్ళు కూడా ఇవ్వరు. టైలరు తల్లి కూజా ఎత్తుకుపోయాడని అపవాదు.

మోకాలిలోతు తవ్వేసరికి పారకి మట్టిపెంకు తగిలింది. దాని మీద మూడు గీతలు. పళ్ళు తోముకుంటున్న బావమరిది బ్రష్షుతో సహా గోతిలోకి దూకాడు. అతను మ్యూజియంలో టికెట్లు చింపుతాడు. గైడు మాటలు పదేళ్ళు విన్నాడు, గైడుకంటే తనకే ఎక్కువ తెలుసని తేల్చుకున్నాడు.

"ఆగండి! ఇది పురావస్తువు!"

"బాబూ, దాని కింద..." అన్నాడు మేస్త్రీ.

"నువ్వాగవయ్యా! నోటిమాటలు ఆధారాలు కావు. కింది పొర పాతది, పై పొర కొత్తది. అదీ శాస్త్రం. ఈ మూడు గీతలు రాజముద్ర!"

"రాజు సంగతి సరే, నా సంగతేంట్రా?" టైలరు పొట్ట పట్టుకున్నాడు.

"చరిత్ర కోసం ఒక్క పూట ఓర్చుకోలేవా బావా?"

టైలరు కొలత టేపే గోతి చుట్టూ కంచె అయింది. మ్యూజియానికి ఫోను వెళ్ళింది. వీధి వీధంతా పెరట్లో దిగింది. ఇక్కడ కోట ఉండేదని మా తాత చెప్పేవాడన్నాడు పక్కింటాయన. ఆ వేడుక చూడ్డానికి పక్కింటావిడ తన మరుగుదొడ్డికి తాళం వేసి మరీ వచ్చింది. టైలరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం మ్యూజియం అధికారిణి వచ్చింది. బావమరిది తన పొరల శాస్త్రం, రాజముద్ర వినిపించాడు, పక్కింటాయన తాత చెప్పిన కోట కథ ఎత్తుకున్నాడు.

"కోట మీ తాతగారు చూశారా?"

"ఆయనకి ఎవరో చెప్పారండి."

"ఆ ఎవరో ఎవరు?"

పక్కింటాయన గోడవైపు జరిగాడు. ఆమె మేస్త్రీవైపు తిరిగింది.

"పెంకు కింద ఏముంది?"

"ప్లాస్టిక్ పైపమ్మా. ఆరేళ్ళ కిందట నేనే వేశాను. పొద్దుట్నుంచీ అదే చెప్పబోతున్నా."

రెండు బెత్తెలు గీకితే పైపు బయటపడింది. అధికారిణి బావమరిదిని పిలిచింది.

"కింది పొర పాతదనేగా మీరన్నారు? అయితే మీ రాజుగారు ఈ పైపు తరవాత పుట్టారు."

వీధంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులకి లోపల్నుంచి టైలరు తల్లి వచ్చి పెంకు అందుకుంది.

"ఇది నా కూజా! కుళాయి దగ్గర వేరేవాళ్ళ కూజాల్లో కలిసిపోకుండా నేనే మేకుతో గీశాను మూడు గీతలు. ఏమే కోడలా, మేస్త్రీ ఎత్తుకుపోయాడన్నావు? పగలగొట్టి పైపు గోతిలో పూడ్చావా?"

కోడలు ఆకాశంకేసి చూసింది. "పొయ్యి మీద పాలు..." అంటూ లోపలికి పరుగెత్తింది.

సాయంత్రానికి పైపు బాగయింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో మేస్త్రీకి కాఫీ వచ్చింది, అడక్కుండానే, రెండుసార్లు.