కుమారి అబిగయీలు కీర్తి నివారణ సంఘం

విడవలూరు గాయని కుమారి అబిగయీలుకు కీర్తి అంటకుండా కాపాడేందుకు నెల్లూరులో ఒక సంఘం వెలసిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. అధ్యక్ష పదవిని నేనే వినయపూర్వకంగా అడిగి తీసుకున్నాను.

ఆమె పాటను నాకు పరిచయం చేసినవారు మిత్రులు హుస్సేన్ సాహెబ్ గారు. బట్టల వ్యాపారం చేసి విరమించిన పెద్దమనిషి. ఒక సాయంత్రం మైపాడు బీచిలో నన్ను పక్కకు పిలిచి, అటూ ఇటూ చూసి, సెల్‌ఫోను నా చెవికి ఆనించారు. ముందు రొయ్యల గుంటలో నీళ్లు చిలికే యంత్రం హోరు. దాని వెనుక గిటారు. ఆ రెండింటి వెనుక ఒక ఆడగొంతు. ఉప్పుగాలికి తమ ఇంట్లో తుప్పు పట్టనిది అమ్మ నోరొక్కటేనని పాడుతోంది. దశాబ్దాలపాటు ఆంగ్ల కవిత్వం బోధించినా చెమర్చని నా కళ్లు, ముందస్తు అనుమతి లేకుండా చెమర్చాయి.

"ఎవురికీ చెప్పబాకండి సార్. నలుగురి నోట్లో పడితే చెడిపోతాది," అన్నారు సాహెబ్.

మాట ఇచ్చి, అర్హులైన కొద్దిమందికి మాత్రమే చెప్పాను. వారూ అట్లే మాట ఇచ్చి, అట్లే నిలబెట్టుకున్నారు. సంఘం ఏర్పడిన విధం ఇది.

సంఘం చురుకుగా పనిచేసింది. యూట్యూబులో ఆమె పాట కింద బహిరంగంగా మెచ్చుకోలు రాసిన జ్ఞానప్రకాశం గారి సభ్యత్వం రద్దయింది. గాయని మంచి మైకు కొన్నదని తెలిసి అత్యవసర సమావేశం జరిపి, యంత్రం హోరు లేని పాట మట్టివాసనకు తీరని నష్టమని తీర్మానించాము.

అంతలో పిడుగులాంటి వార్త. చెన్నైలో ఒక పెద్ద సభ ఆమెను పాడటానికి పిలిచింది. వెంటనే విడవలూరు బయలుదేరాము. ఆమె రొయ్యల మేత కొట్టులో బస్తాలు సర్దుతోంది.

"అమ్మాయీ," అని ప్రారంభించాను, "శ్రీహరికోట నుంచి లేచేవాటికి ఎత్తు శోభ. నీకు మరుగే శోభ."

"అంటే చెన్నైకి పోబాకంటారా సార్?"

"వద్దని మేము అనము. వెళ్లాలని నీకే అనిపించకూడదని కోరుతున్నాము."

"ఈ బస్తాలతోనే పొద్దు పోతాంది. ఆడ బాగా పాడితే మళ్లీ పిలస్తారు, ఈ పని మానేసి పాటే పాడుకోవచ్చు. నా పాట బాగుందా లేదా, అది చెప్పండి ముందు."

"అద్భుతం."

"బాగుండేదాన్ని దాచిపెట్టమంటారేంది? ఇన్నాళ్లూ మా అమ్మ ఒకతే నోరు మూసుకోమనేది. ఇప్పుడు మీరు కారేసుకోని మరీ వచ్చినారు."

మా వాళ్లలో ఎవరో నవ్వారు. చూస్తే సాహెబ్.

"నువ్వు పోయిరామ్మా," అన్నారు. "ముందు వరసలో నాకొక సీటు చూడు. చెవులు సరిగ్గా వినపడవు."

వ్యవస్థాపక సభ్యుణ్ణి అక్కడికక్కడే, మేత బస్తాల సాక్షిగా బహిష్కరించాము.

ఆమె వెళ్లింది, పాడింది. సభ లేచి నిలబడిందట. కొట్టు యజమాని ఇప్పుడు ఇంకొకరిని వెతుక్కుంటున్నాడు. నెల్లూరు ఆటోల్లో సైతం ఆ పాటే మోగుతున్నది.

సంఘం సంతాప సభ జరిపి, ఆమె గానం పూర్తిగా క్షీణించిందని ఏకగ్రీవంగా నిర్ధారించింది. కొత్త పాటలు వినవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. తిరుగులేని సాక్ష్యం ఒకటి మా ముందు ఉండనే ఉన్నది: అవి ఇప్పుడు మీకు కూడా నచ్చుతున్నాయి.