గుమ్మం మీద గౌరవం

ఒక పెద్ద అడవిలో, భాద్రపద శుద్ధ తదియ గురువారం, పొద్దు బారెడెక్కే వేళకు, ఏదుపంది ముత్తవ్వ ఇంటి గుమ్మం మూసుకుపోయింది.

ఆ రోజు కొత్త గడ్డల పండుగ. తొలి గడ్డ బయట కొండమ్మ తల్లికి పెట్టందే ఆ ఇంట ఎవరూ ఎంగిలిపడరు. ముత్తవ్వ గడ్డ పట్టుకుని బొరియ పైకి వచ్చేసరికి నెత్తికి వెదురు తడిక తగిలింది.

పైన విద్యార్థుల పరిశోధన శిబిరం మొదలవుతోంది. అడవిని చదవడానికి కుందేళ్లూ, కోతులూ, జింకపిల్లలూ దిగాయి. చోటు మిట్టగా ఉందని వేదికను సరిగ్గా ఆమె గుమ్మం మీదే వేశారు.

మర్యాదల సంఘం కార్యదర్శి నక్క గొంతు సవరించుకుంది. "పిల్లలూ! చదువుకన్నా ముందు సంస్కారం. ఈ నేల తరతరాలుగా ఏదుపందులది. ఆ పెద్దలకు మన వందనం!"

చప్పట్లకు బొరియలో మట్టి రాలింది.

"అవ్వా, మనల్నే పొగుడుతున్నారే!" అంది మనవరాలు చిట్టి.

"పొగడనీ తల్లీ. దారిస్తే చాలు."

"ఆకలే అవ్వా."

"కొండమ్మ తినకుండా మనమెలా తింటామే?" అందేగానీ ముత్తవ్వ ప్రాణం ఉసూరుమంది.

పైన ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. ఆ మౌనంలో ముత్తవ్వ తడికను టకటకా తట్టింది.

"ఎవరది? గౌరవిస్తుంటే గోలేమిటి?" అని అధ్యక్షులు నెమలిగారు గద్దించారు.

"నేనేనయ్యా, ఏదుపంది ముత్తవ్వను. కాస్త జరిగితే బయటికొస్తాను. పిల్ల ఆకలికి నకనకలాడుతోంది."

నక్క వంగి తడిక సందులోంచి మెల్లగా అంది: "అమ్మా, మీకోసమే కదండీ ఇదంతా! మధ్యలో మీరే అడ్డొస్తే ఎలా? ఇంకా ఆరు ఉపన్యాసాలున్నాయి."

ముత్తవ్వ కొండమ్మను తలుచుకుని దణ్ణం పెట్టుకుంది. "తప్పయితే కాయి తల్లీ" అని వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడిచి, ఒక్క తోపు తోసింది.

సరిగ్గా ఆ పైనే నెమలిగారి ఆసనం. ఆయన కెవ్వుమని ఎగిరిన ఎగురుడికి వేదిక ఒరిగింది. ఈకలు సగం తడికలోనే ఉండిపోయాయి. పిల్లలు ఇదే అసలు కార్యక్రమం అనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఒక్క జింకపిల్ల మాత్రం తడిక పక్కకు లాగి, "రా అవ్వా" అంది.

కొండమ్మకు గడ్డ చేరింది. చిట్టికి కడుపు నిండింది.

సాయంత్రం నక్క నివేదిక చదివింది: "స్థానికుల స్పందన పదునుగా ఉంది. వచ్చే ఏడు వేదిక ఇంకా గట్టిగా కట్టాలి."

ఆ మాట బొరియదాకా వినబడింది. మర్నాడు తెల్లవారగానే ముత్తవ్వ ఇంటిల్లిపాదీ మిట్ట అవతలివైపు ఇంకో గుమ్మం తవ్వారు. జింకపిల్ల వచ్చి మట్టి ఎత్తిపోసింది.

అందుకే, ఎవరైనా మనల్ని గౌరవించడానికి వస్తున్నారని తెలిస్తే, ముందు పెరటి గుమ్మం తవ్వి ఉంచుకోవాలి.