సంచిసంచికీ వెనిగర్

మహమ్మారి రోజులవి. సబ్బులూ షాంపూలూ తయారుచేసే కంపెనీలో భర్తగారు అంచనాల ఆఫీసర్. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. బాల్కనీలోంచి గేటు దగ్గరున్న పొడవాటి బల్లను చూడాలి. చూసినదాన్ని బట్టి వచ్చే నెల జనం ఏం కొంటారో మేనేజర్‌కు చెప్పాలి.

ఆ బల్ల ఆయనకు దొరికిన వరం. అపార్ట్‌మెంట్‌లో ఎవరు ఏం తెప్పించుకున్నా ఒక పూట దాని మీద ఎండలో ఉంచాకే ఇంట్లోకి తీసుకెళ్లాలని నియమం. దాంతో ఎవరి వంటింట్లో ఏం అయిపోయిందో మేడ మీదినుంచే తెలిసిపోయేది.

అయితే ఈసారి గురి తప్పితే ఉద్యోగానికే ఎసరు. అందరూ ముక్కూ మూతీ మూసుకుని తిరుగుతున్న కాలంలో లిప్‌స్టిక్‌లు విరగబడి అమ్ముడవుతాయని చెప్పిన మహానుభావుడాయన. "ఇంకోసారి ఇలాంటి అంచనా ఇచ్చావంటే ఇంటికి పంపించేస్తా" అని మేనేజర్ మొహం మీదే చెప్పేశాడు. అయినా ఆయన ధీమాలో వెంట్రుకవాసి తగ్గలేదు.

తొంగిచూసి ఎగిరి గంతేశాడు. బల్ల మీదున్న ప్రతి సంచిలోంచీ ఒక వెనిగర్ సీసా తల బయటపెట్టి ఉంది.

"సార్, కళ్లు మూసుకుని వెనిగర్ తయారుచేయించండి!" అన్నాడు వీడియో మీటింగులో.

"వెనిగరా? ఎందుకయ్యా?"

"ఎందుకో కొనేవాళ్లకి తెలుసు సార్. కావాలంటే మీరే చూడండి." ల్యాప్‌టాప్ ఎత్తి గేటువైపు తిప్పాడు.

మేనేజర్ కళ్లు పెద్దవయ్యాయి. "సరే, షాంపూ ఆపి వెనిగర్ నింపమని ఫ్యాక్టరీకి చెప్పేస్తున్నా. కానీ బాధ్యత నీదే!"

టీ కప్పుతో గుమ్మంలో నిలబడిన భార్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమండీ, వెనిగర్ అంటున్నారేంటి?"

"నీకు అర్థం కాదులే. అది జనం నాడి."

"జనం నాడి కాదండీ, నా పొరపాటు."

జరిగింది ఇదీ. కెటిల్‌లో పట్టిన గార వదిలించేందుకు ఆవిడ ఫోన్‌లో ఒక సీసా తెప్పించబోతే పెట్టెడు సీసాలు వచ్చిపడ్డాయి. అమ్మిన సరుకు షాపువాళ్లు వెనక్కి తీసుకోవడం మానేశారు. కొనేముందు ఆలోచించాలంటూ భర్త ఆ ముందురోజే క్లాసు పీకాడు. చెబితే మళ్లీ మొదలుపెడతాడని, తెల్లారగానే కిందికి వెళ్లి సంచికొకటి చొప్పున పంచిపెట్టేసింది.

"కొంప ముంచావ్ కదే!" అన్నాడాయన. మేనేజర్‌కు ఫోన్ చేస్తే కలవలేదు. కనీసం నిజం చెప్పి సీసాలు వెనక్కి తెచ్చుకుందామని కిందికి పరుగెత్తాడు.

అప్పటికే బల్ల చుట్టూ జనం.

"సెక్రటరీగారూ, ఈ వెనిగర్ మీరే ఇప్పించారా?" అడిగింది కింది ఫ్లాట్ టీచరమ్మ.

తెలియదన్న మాట పుట్టి బుద్ధెరిగాక అపార్ట్‌మెంట్ సెక్రటరీ నోట రాలేదు. "మేమే అమ్మా. ముందు జాగ్రత్త!"

"అయ్యో, అయితే ఒక్క సీసా ఏ మూలకి?" ఆవిడ అప్పటికప్పుడే తోడికోడలికి ఫోన్ కలిపింది. "మీ వైపు వెనిగర్ దొరుకుతోందా? మాకూ నాలుగు తీసిపెట్టు."

భర్తగారు అడ్డుపడ్డాడు. "అదేం లేదండీ! మా ఆవిడ పొరపాటున పెట్టింది!"

ఒక్కసారిగా అందరూ ఆయనవైపు తిరిగారు.

"మీరు సబ్బుల కంపెనీలో కదూ?" టీచరమ్మ గొంతు తగ్గించింది. "మీరే ఇంతలా దాస్తున్నారంటే విషయం పెద్దదే!"

ఆ మాట గోడ దాటి పక్క అపార్ట్‌మెంట్‌కు పోయింది, అక్కడినుంచి ఫోన్లలో వీధివీధికీ పాకింది. ఆయన మేడ మీదికి వచ్చి, కొత్త ఉద్యోగానికి ఎవరిని అడగాలా అని దిగులుగా కూర్చున్నాడు.

సాయంత్రం మేనేజరే ఫోన్ చేశాడు.

"సార్, క్షమించాలి. అసలు నిజమేమిటంటే..."

"నిజం నేను చెబుతా విను! ఊళ్లో ఏ షాపులోనూ వెనిగర్ చుక్క లేదు. అందరూ మన సరుకు కోసం ఎగబడుతున్నారు. నీలాంటివాణ్ణి పోగొట్టుకుంటానా? వచ్చే నెల దేనికి గిరాకీ ఉంటుందో అది కూడా రేపటికల్లా చెప్పెయ్!"

భర్తగారు ఫోన్ పెట్టేసి, గొంతు సవరించుకుని, పెళ్లయ్యాక ఎన్నడూ లేనంత మర్యాదగా భార్యను అడిగాడు.

"ఏమోయ్, వచ్చే నెల పొరపాటున ఏం తెప్పిద్దామనుకుంటున్నావ్?"