అనుభవం సోకిన అధ్యక్షుడు

వేగవాహన అభిప్రాయ సంఘం అధ్యక్షుల వారిని పదవి నుంచి సగౌరవంగా తొలగించినట్టు తెలియజేయడానికి చింతిస్తున్నాము. ఆయన చేసిన నేరం ఒక్కటే. కారెక్కారు.

సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. అధ్యక్షుల వారిది కళ్ళజోళ్ళ దుకాణం. దాని మీది గదిలో, పాత ఫ్రేముల అట్టపెట్టెల మధ్య, ఆదివారం సాయంత్రాలు సంఘం సమావేశమవుతుంది. సభ్యులందరికీ స్పోర్ట్స్ కార్ల మీద ప్రాణాలైనా ఇచ్చేటంత గట్టి అభిప్రాయాలున్నాయి. కార్లు మాత్రం లేవు. అది లోపమనుకునేరు, అర్హత. కారున్నవాడు తన కారును వెనకేసుకొస్తాడు కాబట్టి లేనివాడే నిష్పక్షపాతంగా మాట్లాడగలడని అధ్యక్షుల వారు స్వయంగా రాసిన వాక్యం అక్కడ గోడకు వేలాడుతూ ఉంటుంది.

సంఘంలో రెండు వర్గాలు. ఎర్ర కార్లు చేసే కంపెనీని కొలిచేవారు, వెండిరంగు కార్లు చేసే కంపెనీని కొలిచేవారు. వెండికారుకు మర్యాద ఎక్కువ, పౌరుషం తక్కువ అంటుంది ఎర్రవర్గం. ఎర్రకారుకు నోరెక్కువ, నిలకడ తక్కువ అంటుంది వెండివర్గం. మాటా మాటా పెరిగి చొక్కాలు పట్టుకున్నాక, బస్సు వేళవుతుంది. ఉభయ వర్గాలూ ఒకే బస్సులో, ఒకే సీట్లో సర్దుకుని కూర్చుని ఇళ్ళకు పోతాయి.

సంఘం చేసిన సేవ తక్కువది కాదు. కరెంటు కారును పొరపాటున మెచ్చుకున్న ఒక సభ్యుణ్ణి, చప్పుడు లేని కారు ఉప్పు లేని కూర అని తీర్మానించి సస్పెండు చేశారు. ఎర్ర కంపెనీ తలుపు పిడిని కాస్త వెనక్కి జరిపినప్పుడు సంతాప సభ పెట్టారు. లెక్కల టీచరైన కార్యదర్శి గారు ఆనాడు కళ్ళు తుడుచుకున్నారు. పిడిని వెంటనే యథాస్థానంలో పెట్టాలని కంపెనీకి రాస్తే జవాబు రాలేదు. మౌనం అర్ధాంగీకారం గనక దాన్ని సంఘం విజయాల్లో చేర్చుకున్నారు.

ఇంత పవిత్రమైన చోట పిడుగు పడింది. అధ్యక్షుల వారి బావమరిది, వృత్తికి పళ్ళ డాక్టరు, సంఘానికి కోశాధికారి, సెకండ్ హ్యాండులో ఎర్రకారు కొన్నాడు. కొంటే కొన్నాడు, నోరు మూసుకున్నాడా?

"బావా, సీటు చెక్కబల్లలా ఉంది. గేరు మార్చినప్పుడల్లా వెనకనుంచి ఎవరో తన్నినట్టుంది" అని నిండు సభలో అనేశాడు.

సభ నివ్వెరపోయింది. "ఆ సీటు సీటు కాదయ్యా, తల్లి ఒడి" అన్నది అధ్యక్షుల వారి సుప్రసిద్ధ వాక్యం. ఇరవై ఏళ్ళ కిందట ఒక క్యాలెండరు బొమ్మను చూసి ఆయన ఈ నిర్ణయానికి వచ్చారు. ఆ ఒక్క వాక్యం మీదే ఇన్నాళ్ళూ వరసగా ఎన్నికవుతున్నారు.

కార్యదర్శి గారు లేచారు. "ఏమయ్యా డాక్టరూ! ఇన్నేళ్ళు మాతో కూర్చుని, ఇంత నేర్చుకుని, చివరికి నడిపి చూసి మాట్లాడతావా? సిగ్గుండక్కర్లా?"

"సరే సార్. బావనే ఒకసారి ఎక్కి చూడమనండి. ఎక్కి కూడా తల్లి ఒడే అన్నాడా, కారమ్మేసి, మీ అందరికీ క్షమాపణ చెప్పుకుంటా."

అధ్యక్షుల వారు ఇరుకున పడ్డారు. ఎక్కనంటే పిరికివాడంటారు. ఎక్కి, బాగాలేదంటే పదవి ఊడుతుంది. ఆ రాత్రి భార్య పక్కలు సర్దుతూ అంది: "ఏవండీ, మీ సంఘం గొడవ నాకు తెలీదు గానీ, మా తమ్ముడు చిన్నప్పుడు ఎర్రకారు బొమ్మ దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. ఇప్పుడూ తిట్టుకుంటూనే తుడుచుకుంటున్నాడు. వాడిచేత అమ్మించకండి."

మర్నాడు ఆదివారం కాకపోయినా సభ్యులందరూ దుకాణం ముందు చేరారు. అధ్యక్షుల వారు ముందు తల, తర్వాత ఒక కాలు లోపల పెట్టి, బయట మిగిలిన కాలును చేతులతో ఎత్తి లోపలికి తెచ్చుకున్నారు. కారు గర్జించింది. గర్జించి, ఒక నీళ్ళ ట్యాంకరు వెనక నిలబడింది. పక్కనుంచి పాలవాడి సైకిలు బెల్లు కొట్టి మరీ దాటిపోయింది. దారిలో ఉన్న ప్రతి గుంటా అధ్యక్షుల వారి వెన్నుపూసలతో విడివిడిగా పరిచయం చేసుకుంది.

ఊరి చివర వంతెన మీద మాత్రం దారి ఖాళీగా ఉంది. "గట్టిగా పట్టుకో బావా!" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత "ఓరి నాయనో!" అని ఒక కేక, దాని వెనకే పకపకా నవ్వు. రెండూ తనవేనని అధ్యక్షుల వారికి వంతెన దాటాక గానీ తెలియలేదు. పెళ్ళయ్యాక అంత గట్టిగా నవ్విన గుర్తు ఆయనకు లేదు. ఒళ్ళంతా సంతోషం, నడుమంతా నొప్పి.

తిరిగొచ్చాక ఇద్దరు పట్టి బయటికి లాగారు. నడుం పట్టేసి, వంగినవారు వంగినట్టే మెట్లెక్కారు.

"చూశారా, కంపెనీకి నమస్కరిస్తూనే వస్తున్నారు!" అని ఎర్రవర్గం చప్పట్లు కొట్టింది.

ఒక్క మాట చాలు, పదవి నిలుస్తుంది. అధ్యక్షుల వారు నోరు తెరిచారు. గుమ్మం దగ్గర బావమరిది కారు తాళాలు గుప్పిట్లో బిగించుకుని నిలబడి ఉన్నాడు.

"సీటు చెక్కబల్లేనయ్యా. మావాడు చెప్పింది నిజం. కానీ వంతెన మీద... ఏం చెప్పను, నవ్వాగలేదు. మీరూ ఒకసారి ఎక్కండి!"

"ఎక్కమంటున్నారు! మనల్ని!" అన్నారు కార్యదర్శి గారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

అధ్యక్షుల వారికి అనుభవం సోకిందని, ఇకపై వారి అభిప్రాయం చెల్లదని తీర్మానం అయింది. ఎర్రవర్గం, వెండివర్గం ఒక్కమాట మీద నిలబడటం సంఘ చరిత్రలో ఇదే మొదలు. బస్సులో కూడా తల తిరిగి, గుమ్మం దగ్గరే నిలబడి ప్రయాణించే కార్యదర్శి గారు కొత్త అధ్యక్షులయ్యారు.

ఇంటి దగ్గర భార్య కాపడం పెడుతూ, "ముందు నడుం నిలబెట్టుకోండి, సంఘాన్ని తర్వాత నిలబెడుదురు గాని" అంది. డాక్టరు మాత్రం కారు తుడుస్తూ, సాయంత్రం వంతెన దాకా వెళ్దామా బావా అని అడుగుతున్నాడు.

మాజీ అధ్యక్షుల వారికి పదవుల కరువేమీ లేదు. అదృష్టవశాత్తూ ఆయన ఇంతవరకు పడవెక్కలేదు. విలాస నౌకల అభిప్రాయ సంఘం వారు ఇప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు.

కార్ల సంఘంలో బావగారిదొకటి, బావమరిదిదొకటి రెండు ఖాళీలున్నాయి. ఎర్రకారు మంచిదా వెండికారు మంచిదా అన్నది ఇక్కడిదాకా చదివేసరికి మీరు తేల్చేసే ఉంటారు. దయచేయండి. మెట్లు కాస్త ఇరుకు.