అగ్యెకుమ్ మాస్టారి నిండు సభ

ఆ బుధవారం అగ్యెకుమ్ మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. పొద్దున్నే వీధి మొదట్లో మొక్కజొన్న జావ తాగడం, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, మధ్యాహ్నానికి కాలేజీ హాల్లో కుర్చీలు వేయించడం. మూడో పని తలుచుకుంటేనే ఆయనకు నీరసం వచ్చింది. కుర్చీలు వేయించడం పెద్ద పనేం కాదు. ఎవరూ కూర్చోని కుర్చీలను సాయంత్రం మళ్లీ దొంతర్లు పెట్టించడమే ప్రాణం విసిగించే పని.

కుమాసీ నగరానికి వెళ్లే దారిలో, కోకో తోటల మధ్య ఉన్న అసూబెన్ అనే చిన్న ఊళ్లో, అంతకంటే చిన్నదైన ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో ఆయన ఇంగ్లీషు మాస్టారు. పంతొమ్మిదేళ్లుగా అక్కడి చర్చా సంఘాన్ని నడుపుతున్నాడు. నడుపుతున్నాడు అనడం కంటే మోస్తున్నాడు అనడం న్యాయం. సంఘంలో సభ్యులు నలుగురు. అందులో ఒకడు ఫ్యాను కింద నిద్రపోవడానికి వస్తాడు. ఆ కాలేజీలో మొక్కలు నాటినా, నాటకం వేసినా, రక్తదానం పెట్టినా ఇదే వరస. పిల్లలు నోటీసు బోర్డు ముందు ఆగే మాట నిజమే కానీ, అది దాని అద్దంలో జుట్టు సవరించుకోవడానికి.

రెండు వారాల కిందట ప్రిన్సిపాల్ డాక్టర్ సర్పొమా ఆయన్ని గదికి పిలిపించింది. ఆవిడకు పరీక్షల్లో వచ్చే మార్కులంటే తప్ప మరి దేనిమీదా నమ్మకం లేదు.

"మాస్టారూ, ఈసారి మీ వార్షిక చర్చకి హాలు సగమైనా నిండకపోతే, బుధవారం సాయంత్రం గంట లెక్కల క్లాసుకి ఇచ్చేస్తాను. సంఘం ఇంక ఉండదు. ఏమనుకోకండి."

"సగమంటే ఎలా లెక్కమ్మా?"

"కుర్చీలు కాదు మాస్టారూ, మనుషులు."

ఆయన తలూపి వచ్చేశాడు. భార్య పోయాక ఆయన తనతో తాను కాక ఇంకొకరితో మనసు పెట్టి మాట్లాడేది బుధవారం సాయంత్రమే. అది కూడా పోతే వారంలో మిగిలిన రోజులు దేనికో ఆయనకు తెలియదు. ఆ మాట ఆవిడతో అనలేదు. అన్నా అది లెక్కల్లోకి రాదు.

సంఘం కార్యదర్శి అదోమా మాత్రం ఇంకా నీరసం పరిచయం కాని పిల్ల. మిగతా విద్యార్థులంతా పల్లెబళ్లలో పాఠాలు చెప్పే అభ్యాసానికి వెళ్లారు. వాళ్లు మంగళవారం రాత్రి తిరిగి బస్సు దిగేసరికి ఊరంతా పోస్టర్లు ఉండాలని ఆమె పథకం వేసింది. "మా మొహాలు ఎవరికి తెలుసు సార్? మీ ఫొటో వేయిద్దాం," అని ఆయన ఫొటో ఒకటి పట్టుకెళ్లి ఎబో ప్రింటింగు షాపులో ఇచ్చింది. అచ్చు వేయడమూ, గోడలకు అంటించడమూ ఎబోయే చూసుకుంటాడు.

బుధవారం పొద్దున మాస్టారు జావ బల్ల దగ్గరికి వెళ్లి, "ఒక గిన్నెడు పోయమ్మా, చక్కెర తగ్గించు," అన్నాడు.

జావ అమ్మే ఆమె తలెత్తి చూసింది. గరిటె జావలో పడింది. ఆమె బల్ల వెనకాల పడింది.

"నేనేం చెయ్యలేదు మాస్టారూ! నన్నొదిలెయ్! కుండ మొత్తం తాగెళ్లు, డబ్బులొద్దు!"

మాస్టారు బిత్తరపోయి చుట్టూ చూశాడు. ఎదురు గోడ మీద తానే ఉన్నాడు. చుట్టూ ఎరుపు నలుపు అంచు, పైన పూలదండ, అటొకటి ఇటొకటి తెల్ల పావురాలు, మధ్యలో నవ్వుతూ తన మొహం. ఒక్క క్షణం ఆయనకే "పాపం, మంచివాడు" అనిపించింది.

ఆ ఊళ్లో గోడలున్నది చావు పోస్టర్ల కోసమే. పెళ్లికి పిలిస్తే "చూద్దాం లెండి" అంటారు. చావుకి పిలుపు అక్కర్లేదు, పోస్టర్ కనిపిస్తే చాలు, పెట్టెలోంచి ఎరుపు, నలుపు చావుబట్టలు తీస్తారు. పోస్టర్ మీద అక్షరాలు చదివేవాడెవడూ లేడు. మొహం చూస్తారు, చోటు చూస్తారు, వేళ చూస్తారు, వంటకి ఎవరున్నారో కనుక్కుంటారు.

మాస్టారు రొప్పుకుంటూ ఎబో షాపుకి పోయాడు.

"ఏంటయ్యా ఎబో ఇది? నన్ను నిలువునా చంపేశావు!"

ఎబో మిషను ఆపకుండానే, "మీరు చదువుకున్నోళ్లు సార్. చదివి చెప్పండి. మీరు పోయారని నేనెక్కడన్నా రాశానా?" అన్నాడు.

మాస్టారు చదివాడు. నిజమే. "వార్షిక చర్చ. రైతు కంటే ఉపాధ్యాయుడే గొప్ప. కాలేజీ హాలు, మధ్యాహ్నం రెండు గంటలు. అందరూ రండి." చావు ఊసే లేదు. అడుగున మాత్రం, "ఎరుపు, నలుపు దుస్తుల్లో రాగలరు" అని ఉంది.

"మరి ఇదేంటి?"

"అదా... పాత డిజైన్‌లోది. తీసెయ్యడం మర్చిపోయాను సార్. నా మిషన్లో ఉండేది ఆ ఒక్క డిజైనే. పొద్దస్తమానం చావులేగా! ఫొటో మారుస్తా, ఊరు మారుస్తా, అంతే. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా తిరిగొచ్చి గొడవ చెయ్యలేదు. మీరే ఫస్టు."

షాపు కప్పు మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకులున్నాయి. ఊళ్లో కబుర్లు చాటేది కూడా ఎబోనే. "ఇప్పుడే మైకులో చెప్పేస్తా సార్. ఊరంతా సర్దుకుంటుంది. మీరెళ్లి కాసేపు నడుం వాల్చండి, మొహం పీక్కుపోయింది," అన్నాడు. ఆ చివరి మాట మాస్టారికి నచ్చింది. ఇంటికి పోయి, ఫోను ఆపేసి, ఇస్త్రీ పెట్టె వంక ఒకసారి చూసి, మంచమెక్కాడు.

ఎబో మాట తప్పే మనిషి కాదు. కానీ ఏ కబురైనా ముందు ఒక ఏడుపు పాట వెయ్యడం అతని అలవాటు. అది వినపడకపోతే ఊళ్లో ఒక్కరూ చెవి ఒగ్గరు. పాట పెట్టాడు. బజారంతా ఆగింది. అప్పుడు, చావులు చాటీ చాటీ జీరపోయిన గొంతుతో, "అగ్యెకుమ్ మాస్టారి ఫొటో గోడల మీద చూసి కంగారు పడుతున్న వారికి విన్నపం. కంగారు పడకండి. మీరనుకున్నట్టు ఏమీ లేదు. కార్యక్రమం మాత్రం రెండు గంటలకు కాలేజీ హాల్లోనే," అన్నాడు. పాట వినగానే ఏడుపు మొదలుపెట్టిన వాళ్లకు చివరి వాక్యం ఒక్కటే వినపడింది. పోస్టర్ చూడని వాళ్లకు కూడా సంగతి తెలిసిపోయింది. పైగా జావ అమ్మే ఆమె బజారులో, "పొద్దున నా దగ్గరికొచ్చిందమ్మా, ఆయన ఆత్మ. చక్కెర తగ్గించమంది. బతికున్నప్పుడూ అంతే, పాపం," అని చెప్పి అందరి అనుమానాలూ తీర్చేసింది.

ముందుగదిలో కుర్చీ ఈడుస్తున్న చప్పుడుకు మాస్టారికి మెలకువ వచ్చింది. లేచి చూస్తే, నల్లబట్ట భుజం మీద వేసుకున్న ముసలాయన ఒకడు, ఆయన పడక్కుర్చీని అటూ ఇటూ ఊపి చూస్తున్నాడు. పక్క ఊళ్లో ఉండే మేనమామ బదు. వాళ్లలో మగవాడు పోతే వాడి సామాను పిల్లనిచ్చిన వాళ్లకో పిల్లలకో కాదు, తల్లివైపు వాళ్లకు పోతుంది.

"ఆ కుర్చీ నాకింకా కావాలి మామా," అన్నాడు మాస్టారు.

ముసలాయన మెల్లగా వెనక్కి తిరిగాడు. భయపడలేదు. ఎనభై ఏళ్లలో ఆయన చూడని చావు లేదు గానీ, ఇంత నిర్లక్ష్యంగా జరిగిన చావును ఇదే చూడడం.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను మామా."

"సిగ్గు లేదట్రా? కోకో గింజలు ఎండలో వదిలేసి, వ్యాను మాట్లాడుకుని, చుట్టాలందర్నీ ఎక్కించుకొచ్చాను! మీ అత్త దారి పొడుగునా ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. దానికి మొహం ఎలా చూపిస్తావు?"

"పోస్టర్‌లో పొరపాటు జరిగింది మామా. తప్పయిపోయింది."

"అదే అడుగుతున్నా! మాతో మాటైనా చెప్పకుండా పోస్టరెలా వేస్తారు? అంటే రేపు నువ్వు నిజంగా పోయినా మాకు ఇదే మర్యాదన్నమాట!"

బతికున్నందుకు ఇంకెన్నిసార్లు క్షమాపణ చెప్పుకోవాలో మాస్టారికి తోచలేదు. అంతలో అదోమా పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుంది.

"సార్! హాలు నిండిపోయింది సార్! బయట షామియానాలు వేశారు. కిటికీల్లో కూడా మనుషులే!"

"చర్చకేనా?" అన్నాడు మాస్టారు, ఆశ చావక.

అదోమా నేలచూపులు చూసింది. "మీ కోసమే సార్. నేను పొద్దున్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, సార్ బతికే ఉన్నారని. అందరూ నన్ను కౌగిలించుకుని, 'అవునమ్మా, మన గుండెల్లో ఎప్పటికీ బతికే ఉంటారు' అంటున్నారు."

ముగ్గురూ వెనకదారిన హాలు దగ్గరికి చేరారు. తలుపు సందులోంచి చూస్తే లోపలంతా ఎరుపూ నలుపూ. ఒక మూల అన్నం గుండిగలు దిగాయి. విద్యార్థి సంఘం అధ్యక్షుడు పూలచక్రం పట్టుకుని నిలబడ్డాడు. ఒక కుర్రాడు మాస్టారి ఫొటో ముందు కూలబడి, "వచ్చే బుధవారం తప్పకుండా వద్దామనుకున్నాను సార్!" అని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మాస్టారు వాణ్ణి పరీక్షగా చూశాడు. జన్మలో ఎన్నడూ చూసిన మొహం కాదు. ఆయనకు ఒళ్లు మండింది. అయినా జేబులో చేతిరుమాలు వెతుక్కున్నాడు.

మైకు ముందు ప్రిన్సిపాల్ ఉంది. కుమాసీలో మీటింగు నుంచి అప్పుడే దిగింది. ఎవర్నీ ఏమీ అడిగే వ్యవధి ఆవిడకు దొరకలేదు.

"ఆయన్ని నేను లెక్కల క్లాసు పేరు చెప్పి బెదిరించాను," అంటున్నది ఆవిడ, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "ఆ దిగులే ఆయన్ని తీసుకుపోయిందేమో! మీ అందరి ముందూ మాటిస్తున్నాను. ఈ కాలేజీ ఉన్నంతకాలం బుధవారం గంట చర్చా సంఘానిదే. దాన్ని ఎవరూ ముట్టుకోరు. నేను కూడా ముట్టుకోను."

మాస్టారు తలుపు తోయబోయాడు. అదోమా ఆయన చొక్కా పట్టుకుంది.

"సార్, సార్! ఒక్క అయిదు నిమిషాలు పోయినట్టే ఉండండి. మీకు దణ్ణం పెడతాను."

"అబద్ధమవుతుందమ్మా."

"మీరసలు మాట్లాడందే అబద్ధమెలా అవుతుంది సార్? ఎదుటివాడు మన పక్షం మాట్లాడుతుంటే అడ్డం పడకూడదని మీరే కదా చెప్పారు!"

పంతొమ్మిదేళ్ల బోధనలో ఒక్క ముక్కయినా ఒకరికి ఎక్కినందుకు సంతోషించాలో, ఎక్కిన ముక్క అదైనందుకు ఏడవాలో ఆయనకు అర్థం కాలేదు. ఈలోగా బదు మామ, చావు పూట పెద్దలకు పోయడానికి తెచ్చిన జిన్ను సారా సీసాను చంకలో సవరించుకుని, నేరుగా వేదిక దగ్గరికి నడిచాడు. కుటుంబ పెద్దకు అందరూ దారిచ్చారు. ఆయన సీసా మూత తీసి, నేల మీద ధారగా పోస్తూ, పోయిన పెద్దలందర్నీ పేరు పేరునా పిలిచాడు.

"ఈ అమ్మ అన్న మాట విన్నారుగా? మీరే సాక్ష్యం. తాగండి."

సీసా ఖాళీ అయ్యాక వెనక తలుపు వైపు తిరిగి, "ఇంక రారా," అన్నాడు.

మాస్టారు లోపలికి వచ్చాడు.

కిటికీలలోని జనం ఒక్కసారిగా బయటికి రాలిపడ్డారు. అధ్యక్షుడు పూలచక్రాన్ని మెడలో వేసుకుని పారిపోయాడు. ఫొటో ముందు ఏడుస్తున్న కుర్రాడు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. ప్రిన్సిపాల్ మైకును రెండు చేతులా పట్టుకుని నిలదొక్కుకుంది.

"మాస్టారూ... మీరు..."

"నమస్కారమమ్మా. సగమైనా నిండిందంటారా?"

మొదట నవ్వింది గొంతు పోయిన అత్త. ఆ తరవాత హాలంతా నవ్వింది. ప్రిన్సిపాల్ మాత్రం నవ్వలేదు. ఆవిడ లెక్క మళ్లీ మొదటినుంచీ వేసుకుంటున్నది.

"నేను మాటిచ్చింది పోయిన మనిషికి," అన్నది ఆవిడ. "మీరు పోలేదు కాబట్టి ఆ మాట..."

"అమ్మా," అన్నాడు బదు మామ, "పోసింది పెద్దలు తాగేశారు. ఇప్పుడు కక్కమనమంటావా?"

ఆవిడ కూర్చుంది.

వండిన అన్నం వదిలి పోయేవాళ్లెవరూ లేరు కాబట్టి, వచ్చిన జనం వచ్చినట్టే ఉన్నారు, చర్చ మొదలైంది. ఉపాధ్యాయుడే గొప్పని అదోమా అదరగొట్టింది. రైతు తరఫున మాట్లాడాల్సిన సభ్యుడు అప్పటికే ఫ్యాను కింద నిద్రలో ఉండడంతో, బదు మామ లేచాడు. "మాస్టారు లేని ఊళ్లో నేను బతికాను. మేం లేని ఊళ్లో మాస్టారు ఏం తిని పాఠం చెప్తాడు?" అన్నాడు. బజారు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎన్నడూ నోరు విప్పని పిల్లలు బల్లలెక్కి ఎదురు ప్రశ్నలేశారు. ఉపాధ్యాయులు చిత్తుగా ఓడిపోయారు. ఓడినందుకు మాస్టారికి ఇసుమంత బాధ కలగలేదు. పంతొమ్మిదేళ్ల అలసట ఒక్క పూటలో దిగిపోయి ఆయనకు ఏడుపు కూడా వచ్చింది. పోతూ పోతూ పిల్లలంతా ఆయన చెయ్యి పట్టుకుని, ఇకనుంచి ప్రతి బుధవారం వస్తామని ఒట్లు పెట్టుకున్నారు.

మరుసటి బుధవారం మాస్టారు చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లి, హాలు నిండా కుర్చీలు వేయించి కూర్చున్నాడు. పాత నలుగురూ వచ్చారు. కొత్తగా వచ్చినవాడు ఒక్కడే. వాడు గుమ్మంలోనే నిలబడి, మాస్టారు నిజంగానే బతికి ఉన్నాడని కళ్లారా చూసుకుని, స్నేహితులతో కాసిన పందెం గెలిచిన సంబరంతో వెళ్లిపోయాడు.