అత్తగారు కడిగిన సీసాలు

ఆ ఉదయం గైడు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, డైనింగ్ టేబుల్ మీది నాలుగు సీసాలు సంచిలో పెట్టుకుని, టూరిస్టు ఆఫీసుకు వెళ్లి, ఓ యాత్రికుడికి ఈ దేశంలో జనం ఇష్టపడే మద్యాలను పరిచయం చేయాలి. ఆ యాత్రికుడు దేశదేశాలూ తిరిగి, తాగి, పత్రికలకు రాసే మనిషి. ఆయన మెచ్చుకుంటే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే అని మేనేజరు ముందే చెప్పేశాడు.

గైడు జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. వాసన తగిలినా కడుపులో తిప్పేస్తుంది. అలాంటివాడికి ఈ పని అప్పగించిన మేనేజరును ఏమనాలి? పైగా "ఇంటికి తీసుకెళ్లి గ్లాసుల్లో పోయడం ప్రాక్టీసు చేసుకోండి" అని సీసాలు చేతిలో పెట్టాడు. ఇంట్లో అత్తగారున్నారన్న సంగతి మేనేజరుకు తెలియదు సరే, ఈయనకైనా గుర్తుండొద్దూ!

గైడు స్నానాల గదిలో వర్ణనలు వల్లె వేసుకుంటూండగా అత్తగారు సీసాలు చూశారు. కేకలు వేయలేదు. నాలుగూ సింకులో వంపేసి, శుభ్రంగా కడిగి, మంచి సీసాలు ఖాళీగా ఉంచడమెందుకని తన కషాయాలు పోసి, బిరడాలు బిగించి, యథాస్థానంలో పెట్టేశారు.

ఆఫీసులో గైడు ముందుజాగ్రత్తగా ముక్కులో దూది కుక్కుకుని మొదటి సీసా తెరిచాడు.

"ఆ దూదేమిటండీ?" అన్నాడు యాత్రికుడు.

"జలుబండీ. ఇది బియ్యం మద్యం. గొంతులో నిప్పులా దిగుతుంది, వెంటనే ఒళ్లు తేలిపోతుంది."

యాత్రికుడు గుక్కెడు మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది అల్లం, మిరియాల కషాయం మరి.

"అబ్బా, నిప్పే! కానీ ఒళ్లు తేలడం లేదే?"

"రెండో గ్లాసుకు తేలుతుందండీ" అని గైడు మళ్లీ పోశాడు. తర్వాత తేనె మద్యమంటూ కాకరకాయ రసం అందించాడు. యాత్రికుడి మొహం అష్టవంకర్లు పోయింది.

"ఇందులో తేనె ఎక్కడుందండీ?"

"అడుగున ఉంటుందండీ. మొత్తం తాగాలి."

పాపం, మొత్తం తాగాడు. మూడోది ఉసిరి రసం. అదీ తాగి పళ్లు పులిసి కూర్చున్నాడు. అప్పుడు మోగింది గైడు ఫోను.

"ఏవండీ, కొంప మునిగింది!" అంది భార్య. "అమ్మ ఆ సీసాల్లో కషాయాలు పోసిందట. నాలుగోది మాత్రం ఎవరికీ పొయ్యకండి. అది సునాముఖి. కడుపు కడిగేస్తుంది!"

గైడుకు ముచ్చెమటలు పోశాయి. తలెత్తి చూస్తే, ఏమిటీ ఆలస్యమని లోపలికొచ్చిన మేనేజరు నాలుగో సీసా బిరడా తీస్తున్నాడు. చెబితే మోసగాడంటారు, ఊరుకుంటే అతిథి గతి ఏం కాను? మరో దారి తోచక గైడు సీసా లాక్కుని, నిలబడ్డవాడు నిలబడ్డట్టే గటగటా తాగేశాడు.

"తాగనన్నారు కదండీ!" మేనేజరు నోరు వెళ్లబెట్టాడు. "అతిథి ముందు సీసా మొత్తం దించేస్తారా? తాగుబోతుని పర్మనెంటు చెయ్యను!"

"తాగలేదండీ, అది మందండీ... ఒక్క నిమిషం!" అంటూ గైడు బాత్రూములోకి పరుగెత్తాడు. మిగతా సంజాయిషీ తలుపు వెనకనుంచి, విడతలు విడతలుగా వినిపించింది.

మేనేజరు ఇంకా తాగుబోతని తిడుతూండగానే ఆటో దిగి అత్తగారే వచ్చారు. "ఎవరయ్యా నా అల్లుణ్ణి తాగుబోతన్నది? అవన్నీ నేను కాచినవి! మందు పోయిస్తారా మా అబ్బాయి చేత? సిగ్గు లేదూ!"

మేనేజరు తల పట్టుకున్నాడు. యాత్రికుడు మాత్రం లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, నేను ఏ దేశమెళ్లినా రెండో సీసాకే నిద్రపోతాను. ఏం తాగానో గుర్తుండి చావదు. అందుకే అన్ని దేశాల గురించీ ఒకేలా రాసేశాను. ఇవాళ మొదటిసారి ప్రతి గుటకా గుర్తుంది. ఆ చేదు ఈ జన్మలో మరిచిపోను. రేపు మా బృందమంతా వస్తుంది. వాళ్లకీ మీ చేతివే కావాలి."

మేనేజరు వెంటనే అత్తగారికి కుర్చీ వేశాడు.

నీరసంగా గోడ పట్టుకుని గైడు బయటికొచ్చేసరికి పర్మనెంటు ఉద్యోగం ఖాయమైపోయింది, అత్తగారికి. గైడును మాత్రం సీసాలు కడగడానికి, తాత్కాలికంగా, ఉండమన్నారు.