గుడ్లగూబ ఎడమ కన్ను

"అలా కాదే మనవరాలా, మ్యూజియం అని గొప్పగా రాయకు. మేం దాన్ని బొమ్మల గది అనేవాళ్లం. ఊఁ, రాసుకో."

యూనివర్సిటీలో ఆ గదికి నేను అటెండర్ని. గడ్డి కుక్కి కుట్టిన పక్షులు, సీసాల్లో పాములు, వాటి మధ్య మా మాస్టారు. పిట్టను చేతికివ్వకుండా ఆయన పాఠం చెప్పేవారు కాదు. వినే పిల్లలు మాత్రం ఏటేటా తగ్గిపోయారు.

ఒక రోజు పొద్దున్నే మాస్టారు కోటు వంకీకి తగిలిస్తూ అన్నారు. "పదకొండింటికి ఆఫీసర్లు వస్తార్రా. పిల్లల్లేని గది అని తేలితే, విరిగిన కుర్చీలు పడేసుకోడానికి తీసేసుకుంటారు."

"మీరు బెంగపడకండి మాస్టారూ. అన్నీ దులిపి అద్దంలా పెడతా."

ఆ పక్షుల్లో గుడ్లగూబకు చిమ్మట పురుగు పట్టింది. ఏటా చేసినట్టే ఎండ తగలనిద్దామని వరండా గోడ మీద నిలబెట్టాను. ఏటా అయితే పైన పల్చటి గుడ్డ కప్పేవాణ్ణి. ఆ హడావిడిలో మరిచాను.

ముందు ఒక కాకి వచ్చింది. అది అరిస్తే పది. కాసేపటికి ఆకాశమే నల్లబడింది. కాకులకు గుడ్లగూబంటే పగ కదా! అది చచ్చి ముప్ఫై ఏళ్లయిందని వాటికెవరు చెబుతారు? దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తాను. నా వెనక కాకులు. కాకుల వెనక కర్రతో వాచ్‌మన్.

"వాటి గూట్లోంచి ఏం కొట్టేశావయ్యా?" అని వాడి కేకలు. ఆ కేకలకు క్లాసులు ఖాళీ చేసి పిల్లలంతా వాడి వెనక.

గుమ్మంలో మాస్టారు గుడ్లగూబను అందుకున్నారు. తిడతారనుకున్నా. "కాకులు దీన్నెందుకు తరిమాయో ఎవరు చెబుతారు?" అని పిల్లల్ని అడిగారు. అంతే, పాఠం మొదలైంది. ఆఫీసర్లు వచ్చేసరికి లోపల కాలు పెట్టే చోటు లేదు.

"రోజూ ఇంతమందేనా?" అన్నాడు పెద్దాఫీసరు.

"ఇవాళ కాస్త తక్కువండీ," అన్నాను.

గది నిలిచింది. కాకి పొడిచి వదులైన ఎడమ గాజుకన్ను మాత్రం, సాయంత్రం బీరువాలో పెడుతుంటే రాలి ముక్కలైంది. చెప్పే ధైర్యం చాల్లేదు. మాస్టారు చేతులు కడుక్కునే లోపు, ఆయన కోటుకున్న తేనెరంగు గుండీ ఒకటి కోసి అతికించేశాను. పాపం, దానికోసం బల్లల కింద ఎన్నాళ్లు వెతికారో!

రిటైరైన రోజు ఆయన గుడ్లగూబ ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఈ చూపు నేనెక్కడో చూశాన్రా," అన్నారు. నేను నేల తుడుస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ పిట్టను చేతికివ్వలేదు. ఇప్పటికీ పదకొండు కొడితే, ఆ గొంతు వినబడుతుందేమోనని నా చెవి అటే పోతుంది.

"ఇది తీసుకెళ్లి మాస్టారికి చదివి వినిపించమ్మా. ఆయనకి చూపు ఆనడం లేదట, చెవీ అంతంతేనట. గట్టిగా చదువు. గుండీ తిరిగిమ్మంటే మాత్రం, అది ఇంకా డ్యూటీలో ఉందని చెప్పు."